బంగారం తెచ్చిన నదులే ఒండ్రునూ తెచ్చాయి

ప్రియేనె అనే గ్రీకు నగరం క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దం నుంచి వేయించిన నాణేలలో కొన్నింటి వెనుకవైపున ఒక త్రిశూలం ఉంటుంది. ఆ త్రిశూలం చుట్టూ, మెలిక మీద మెలిక తిరుగుతూ మళ్లీ మొదటికే వచ్చి కలిసే ఒక గీత వలయంలా ఉంటుంది. త్రిశూలం సముద్రాధిదేవత పొసైడన్ ఆయుధం. మెలికల గీత ఆ ఊరి ముందున్న ఉపసాగరంలో కలిసే మియాండర్ నదికి గుర్తు. సముద్రాన్ని, నదిని ఒకే బిళ్ల మీద పక్కపక్కన నిలిపిన ఆ పౌరుల కళ్లెదుటే ఆ నది ఆ సముద్రాన్ని పూడ్చివేస్తోంది. క్రీస్తుశకం మొదలైన రోజుల్లో భూగోళం రాసిన స్ట్రాబో నాటికి, ఒకప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న ప్రియేనెకూ అలలకూ మధ్య నలభై స్టేడియాల నేల, అంటే మన లెక్కలో ఏడు కిలోమీటర్లకు పైగా, వచ్చి చేరింది.

నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సెలవు దొరికితే గోపాలపురం బీచికో ఋషికుల్య మొగకో వెళ్లడం మా ఊరివారందరికీ ఉన్న అలవాటే. ఈ గంజాం తీరంలో పెరిగినవారికి ఒడ్డు ఒకచోట నిలిచి ఉండదన్న సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు. ఇసుక తిన్నె పెరిగినకొద్దీ ఋషికుల్య మొగ పక్కకు జరుగుతుంది, వరద వచ్చినప్పుడు తిన్నెను తెంచుకుని మరోచోట దారి చేసుకుంటుంది. బహుశా అందువల్లనే, పురాతన గ్రీకు రేవుల గురించి చదువుతున్నప్పుడు నాణేల చరిత్రను ఒక పుస్తకంలోనూ తీరాల చరిత్రను వేరొక పుస్తకంలోనూ పెట్టడం నాకు సరిపడలేదు. చిన్న ఆసియా పడమటి తీరంలో, అంటే నేటి తుర్కియే తీరంలో, ఈ రెండు చరిత్రలనూ నడిపినవి అవే కొండలు, ఆ కొండల నుంచి దిగివచ్చిన నదులు. కొండరాళ్లను కడిగి బంగారు రజను తెచ్చింది నీరే, కొండమట్టిని కోసి రేవులను పూడ్చిందీ నీరే. ఈ రెంటినీ కలిపి చెప్పాలన్న కోరికతోనే ఇది రాస్తున్నాను.

ఆ తీరానికి లోపలివైపున ఉన్న లిడియా రాజ్యానికి రాజధాని సార్డిస్. త్మోలస్ కొండల్లో పుట్టిన పాక్టోలస్ అనే చిన్న యేరు ఆ ఊరి మీదుగా పారి హెర్మస్ నదిలో కలుస్తుంది. తాకినదంతా బంగారమయ్యే శాపం వదిలించుకోవడానికి మైడాస్ రాజు మునిగిన నీరు ఇదేనని గ్రీకులు కథ చెప్పుకున్నారు. ఆ యేటి ఇసుకలో దొరికినది బంగారం వెండి సహజంగా కలిసిపోయిన ఎలెక్ట్రమ్ అనే లోహం. మిశ్రమం ప్రతి చోటా ఒకేలా ఉండదు. ఒక ముక్కలో బంగారం ఎక్కువ, మరొక ముక్కలో వెండి ఎక్కువ. మన కంసాలులు వాడే గీటురాయి లిడియావారికీ ఉంది. అయినా సంతలో ప్రతి అమ్మకానికీ ప్రతి ముక్కనూ గీసి, తూచి, రంగు చూసి విలువ కట్టడం ఎవరివల్ల అవుతుంది? క్రీస్తుపూర్వం ఏడవ శతాబ్దం రెండవ సగంలో లిడియాలోనూ, దానిని ఆనుకుని ఉన్న అయోనియా గ్రీకు రేవుల్లోనూ ఈ లోహాన్ని ఒకే తూకానికి ముద్దలుగా పోసి, ఒకవైపు బొమ్మ, మరొకవైపు ములుకు దెబ్బ వేయడం మొదలైంది. బంగారు వెండి నాణేలను మొదట కొట్టించి వాడుకలోకి తెచ్చినవారు లిడియన్లేనని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు.

ఆ తొలి నాణేల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ ఆలయం అడుగున దొరికింది. 1904-05లో బ్రిటిష్ మ్యూజియం తరఫున డేవిడ్ జార్జ్ హోగార్త్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆలయం ఉన్న నేల అప్పటికే చిత్తడి, గుంటల్లో ఊరే నీటిని పంపుతో తోడుతూ పని చేయించవలసి వచ్చింది. ఆ తవ్వకంలో 93 ఎలెక్ట్రమ్ నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఏ గుర్తూ లేని నున్నటి ముద్దలున్నాయి, ఒక పక్కన గీతలు మాత్రమే ఉన్న ముద్దలున్నాయి, నోరు తెరిచిన సింహపు తల స్పష్టంగా ఉన్నవీ ఉన్నాయి. ఒక ఆలోచన రూపు దిద్దుకునే దశలన్నీ ఒకే గుడి పునాది కింద కలిసి కనబడటం నన్ను ఎంతగానో కదిలించిన విషయం. ప్రపంచంలోని మొట్టమొదటి నాణేల్లో కొన్ని నీళ్లు తోడితే తప్ప అందలేదన్నది కూడా ఇక్కడ గమనించవలసినదే. ఒకప్పుడు సముద్రం ఈ గుడి దాకా వచ్చేదని రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. నేడు తీరం అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్ల అవతల ఉంది.

ఈ నాణేలలో రెండు విషయాలను దగ్గరగా చూడాలి. మొదటిది వాటి పరిమాణం. స్టేటర్ అనే పూర్తి నాణెం బరువు 14 గ్రాముల పైచిలుకు. దానిని మూడో వంతుగా, ఆరో వంతుగా, పన్నెండో వంతుగా విభజించుకుంటూ చివరకు తొంభై ఆరో వంతు దాకా నాణేలు వేశారు. ఆ చివరి బిళ్ల సుమారు 0.15 గ్రాములు, అంటే మన కంసాలి త్రాసులో ఒక గురివింద గింజకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అంత చిన్న ముద్దను సాటివాటితో సమానంగా పోసి, దానిమీద గుర్తు పడేలా కొట్టిన పనివారి నేర్పును తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. రెండవది మిశ్రమం. పాక్టోలస్ ఎలెక్ట్రమ్‌లో సహజంగా బంగారం పాలు చాలా ఎక్కువ. లిడియా రాజ నాణేలను పరీక్షించినప్పుడు మాత్రం బంగారం సుమారు 55 శాతమే ఉన్నట్టు తేలింది. అంటే వెండిని కావాలనే కలిపారు. అన్ని నాణేలలోనూ ఈ పాళ్లు దాదాపు ఒకటే కావడం వల్ల, ఇది టంకశాలలో జరిగిన చిల్లర మోసం కాదనీ, రాజ్యం తెలిసి పెట్టుకున్న ప్రమాణమనీ నేను అనుకుంటున్నాను. లోహం విలువకూ ముద్ర విలువకూ మధ్య తేడా నాణెం పుట్టుకతోనే వచ్చింది.

ఒక నాణెం మీద మాత్రం మాటలున్నాయి. మేత మేస్తున్న జింక బొమ్మకు పైన, గ్రీకు లిపిలో, “నేను ఫానెస్ గుర్తును” అని నాణెమే చెబుతుంది. ఫానెస్ వర్తకుడో అధికారియో తేలలేదు గానీ, అక్షరాలున్న తొలి నాణేల్లో ఇది ఒకటి. క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దం నడిమికి లిడియా రాజు క్రీసస్ ఎలెక్ట్రమ్‌ను విడిచి బంగారానికి వేరు, వెండికి వేరు నాణేలు వేయించాడు. మట్టికుండలో ఉప్పుతో కలిపి కాల్చి బంగారం నుంచి వెండిని విడదీసిన కొలుముల ఆనవాళ్లు సార్డిస్‌లో పాక్టోలస్ ఒడ్డునే తవ్వకాల్లో దొరికాయి. స్ట్రాబో నాటికి ఆ యేట్లో బంగారు రజను అయిపోయింది. మట్టి మాత్రం అయిపోలేదు. పాక్టోలస్‌ను కలుపుకున్న హెర్మస్ తెచ్చిన మట్టితో ఇజ్మీర్ ఉపసాగరం పూడిపోతుందన్న భయంతో 1886లో ఆ నదిని పక్కకు మళ్లించారు. బంగారం సంగతి ముగిసిన రెండు వేల ఏళ్లకు కూడా అదే నది రేవును బెదిరిస్తూనే ఉంది.

ఇక నాణెం లిడియా నుంచి రేవు పట్టణాలకు పాకినప్పుడు ప్రతి ఊరూ తన గుర్తును తాను ఎంచుకుంది. ఫోకేయావారు సీల్ అనే సముద్రజంతువును వేశారు. సిజికస్‌వారు తమ జలసంధిలో గుంపులుగా వలస వచ్చే ట్యూనా చేపను వేశారు. ఆ నాణేల్లో పైన దేవుడున్నా, సింహమున్నా, కింద ఎక్కడో ఒకచోట చేప తప్పక ఉంటుంది. ఫోకేయా, మిటిలీని పట్టణాలు ఎలెక్ట్రమ్ నాణేలను ఏడాదికొకరు చొప్పున వంతులవారీగా ముద్రించాలని ఒప్పందం చేసుకుని రాతి మీద చెక్కించాయి. లోహంలో బంగారాన్ని కావాలని తగ్గించినట్టు రుజువైన పనివాడికి మరణశిక్ష అని అందులో ఉంది. సిసిలీ ద్వీపంలోని జాంక్లె, అంటే నేటి మెస్సీనా, చేసిన పని వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది. ఆ ఊరి రేవు కొడవలిలా వంగిన ఇసుక నాలుక. నాణెం మీద ఆ కొడవలినే గీసి, దాని లోపల ఒక డాల్ఫిన్‌ను పెట్టారు. తీరరేఖనే ముద్రగా వేసుకున్న నాణెం అది. దాని ఒడ్డు ఈనాటికీ ఆ వంపులోనే ఉంది.

ఈజినా ద్వీపపు తాబేలు గురించి గంజాం జిల్లావాడు ఆగి మాట్లాడకుండా ఉండలేడు. గ్రీసు ప్రధాన భూభాగానికి దగ్గరగా ఉన్న ఈ చిన్న ద్వీపం క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దం నుంచి 12 గ్రాముల పైచిలుకు వెండి స్టేటర్లను వేసింది. పాత వాటిమీద ఉన్నది సముద్రపు తాబేలు. తెడ్ల వంటి ముందు కాళ్లు వెనక్కు వాలి ఉంటాయి, డిప్ప నున్నగా ఉండి నడుమ చుక్కల వరుస ఉంటుంది. క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దంలో ఆ తాబేలు మారిపోయింది. డిప్ప పలకలు పలకలుగా విడిపోయి, తెడ్ల స్థానంలో పొట్టి పాదాలు వచ్చాయి, అంటే అది నేల తాబేలు. ఏథెన్స్ చేతిలో ఈజినా తన నౌకాబలాన్ని కోల్పోవడంతో చాలామంది ఈ మార్పును ముడిపెడతారు. ఋషికుల్య మొగ దగ్గరి ఇసుకలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలాది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కినప్పుడు వాటి తెడ్లు ఇసుకలో గీసే జాడలను చూసినవారికి, ఆ చెక్కుడు పనివాడు సముద్ర తాబేలును కళ్లారా చూశాడన్న నమ్మకం కలుగుతుంది. ఈజినాకు సొంత వెండి లేదు. సిఫ్నోస్ ద్వీపపు గనుల నుంచి వచ్చిన వెండినీ అది తన నాణేలకు వాడుకుంది. ఆ సిఫ్నోస్ గనులను సముద్రం ముంచేసిందని గ్రీకు యాత్రా రచయిత పౌసానియస్ రాశాడు. ఒడ్డు పెరగడమే కాదు, కుంగి మునగడమూ ఆ తీరాల్లో ఉంది.

ఇప్పుడు మట్టి సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు అన్నిటికంటే సన్నిహితంగా అనిపించేది అదే. చివరి మంచుయుగం తరువాత పెరుగుతూ వచ్చిన సముద్రమట్టం సుమారు ఆరువేల ఏళ్ల కిందట ఇంచుమించు స్థిరపడింది. అప్పుడు నదీలోయలన్నీ నీరు నిండి లోతైన ఉపసాగరాలుగా ఉన్నాయి. ఆ తరువాత నదులు తమ పని మొదలుపెట్టాయి. ఎగువన అడవి నరికి, దున్ని, మేకలను మేపినకొద్దీ మట్టి ఇంకా వేగంగా దిగింది. ఐదు వందల కిలోమీటర్లకు పైగా పారే మియాండర్ నది ప్రియేనె ముందున్న ఉపసాగరాన్ని తూర్పు నుంచి పడమటికి మేట వేసుకుంటూ వచ్చింది. అదే ఉపసాగరం ఒడ్డునున్న మిలేటస్ నగరానికి నాలుగు రేవులుండేవి. వాటిలో ఒకదాని ముఖద్వారానికి రెండు పాలరాతి సింహాలు కాపలాగా ఉండేవి. మిలేటస్ నాణెం మీది జంతువు కూడా సింహమే. ఆ రాతి సింహాలు ఇప్పుడు మట్టిలో కూరుకుని ఉన్నాయి, సముద్రం అక్కడికి ఎనిమిది కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. క్రీస్తుపూర్వం 494లో అయోనియా గ్రీకుల 353 ఓడలు పారశీక నౌకాదళాన్ని ఎదుర్కొని ఓడిపోయిన లాడె ద్వీపం నేడు పత్తి చేల నడుమ ఒక గుట్ట. ఉపసాగరంలో మిగిలిన మూల బాఫా సరస్సు.

ఆ లోయలో మియుస్ అనే చిన్న ఊరి కథను వరుసగా చదివితే పూడిక అంటే ఏమిటో తెలుస్తుంది. లాడె యుద్ధానికి ఆ ఊరు మూడు యుద్ధనౌకలను పంపింది, కాబట్టి అప్పటికి దానికి రేవుంది. ఆ తరువాత పారశీక రాజు అర్టాక్సెర్‌క్సీస్ ఏథెన్స్ విడిచి వచ్చిన నాయకుడు థెమిస్టోక్లీస్‌కు మూడు పట్టణాల రాబడి ఇచ్చాడు. రొట్టెకు మగ్నీషియా, ద్రాక్షసారాయికి లాంప్సకస్, అందులోకి నంజుకు మియుస్. ఆ నంజు చేపలే, కాబట్టి అప్పటికి నీరుంది. స్ట్రాబో కాలంలో ఆ ఊరికి నదిలో ఎదురెక్కి చిన్న పడవల్లో ముప్పై స్టేడియాలు పోవాలి. జనం తగ్గిపోయి అది మిలేటస్‌లో కలిసిపోయింది. పౌసానియస్ చెప్పిన దాని ప్రకారం, నది ఆ ఊరి ఉపసాగరపు మూతిని మూసివేయడంతో లోపలి నీరు ఉప్పదనం పోగొట్టుకుని మడుగైంది, దోమలు చెలరేగి జనాన్ని వెళ్లగొట్టాయి, వారు తమ దేవతామూర్తులనూ మోయగలిగిన వస్తువులనూ తీసుకుని మిలేటస్‌కు తరలిపోయారు. ఆయన చూసేనాటికి అక్కడ తెల్లరాతి గుడి ఒకటే మిగిలింది. మా గంజాం పట్టణం 1815 ప్రాంతంలో ప్రబలిన విషజ్వరాలతో చితికిపోయి జిల్లా కేంద్రం హోదాను పోగొట్టుకున్న వృత్తాంతం తెలిసిన మాబోటివారికి మియుస్ దోమలు కల్పనగా తోచవు.

ఆ నది గురించి స్ట్రాబో చెప్పిన మరొక ముచ్చట ఉంది. మియాండర్ తన మెలికలను మార్చుకుంటూ ఒకరి పొలాన్ని కోసి మరొకరి గట్టున వేస్తుంది గనుక, భూమి పోయినవారు నది మీదనే దావా వేసేవారట. నది ఓడిపోతే, పడవ రేవుల్లో వసూలైన సుంకం నుంచి జరిమానా చెల్లించేవారట. నది వల్ల వచ్చే రాబడిలోంచే నది చేసిన నష్టాన్ని పూడ్చడం ఎంత న్యాయమైన ఏర్పాటో చూడండి. లంక భూముల తగాదాలు తెలిసిన మన తీరంలో కూడా ఇంతకంటే మంచి పద్ధతి ఉన్నట్టు నేను వినలేదు.

ఎఫెసస్‌లో మనుషులు నదికి ఎదురు నిలవాలని చూశారు. కేస్టర్ నది మేటతో పాత ఊరి చుట్టూ నేల పల్లమై చెడినప్పుడు, అలెగ్జాండర్ సేనాపతుల్లో ఒకడైన లైసిమాకస్ క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం తొలినాళ్లలో కొత్త ఊరు కట్టించాడు. జనం కదలకపోతే, పెద్ద వాన కురిసే రోజు దాకా ఆగి మురుగు కాలువలను మూయించి పాత ఊరిని ముంచాడని స్ట్రాబో రాశాడు. కొత్త ఊరికి తన భార్య ఆర్సినోయే పేరు పెట్టాడు. ఆమె తల, ఆ కొత్త పేరు ఉన్న నాణేలు దొరుకుతున్నాయి. ఊరి పేరు మారితే నాణెం వెంటనే చెబుతుంది. అతను చనిపోయాక పాత పేరే తిరిగి వచ్చింది.

ఆ తరువాత పెర్గమమ్ రాజు రెండవ అట్టాలస్ చేసిన పని మరీ ముఖ్యమైనది. రేవు లోతు తగ్గుతోందని, వెడల్పుగా ఉన్న ముఖద్వారానికి అడ్డంగా రాతికట్ట వేసి దాన్ని ఇరుకు చేయిస్తే పెద్ద వర్తక ఓడలు కూడా లోపలికి రాగలవని అతనూ అతని ఇంజనీర్లూ తలచారు. ఫలితం తారుమారైంది. అంతకు ముందు ఆటుపోట్లు ఒండ్రును కొంతైనా వెలుపలికి లాక్కుపోయేవి. కట్ట పడ్డాక ఆ ఒండ్రు లోపలే ఆగిపోయి రేవంతా మెరక వేసింది. రోమన్ల కాలంలో పలుమార్లు పూడిక తీశారు, హాడ్రియన్ చక్రవర్తి 129లో రేవును ఓడలకు అనువుగా చేయించి నదిని పక్కకు మళ్లించాడు. రెండవ శతాబ్దంలోనే ఒక గవర్నరు, కలప దుంగలను రేవు గట్టు మీద పేర్చరాదనీ, అక్కడ రాయి కోసి ఆ పొడిని నీటిలో కలపరాదనీ రాతి మీద ఆజ్ఞ చెక్కించాడు. రంపపు పొడి గురించి కూడా ఆలోచించవలసిన స్థితి వచ్చిందంటే ఆ రేవులో ఎంత నీరు మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. పెద్ద రంగశాల నుంచి రేవుకు దిగే రాళ్లు పరచిన రాచబాట నేటికీ ఉంది. దాని కొసన రెల్లు పెరిగిన చిత్తడి ఉంది.

ఆ కట్ట కథ చదివినప్పుడు నాకు మా తీరమే గుర్తొస్తుంది. ఒడిశా తీరం వెంట అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఆ నడకకు అడ్డంగా ఏ రాతికట్ట వేసినా దక్షిణ పక్కన ఇసుక చేరుతుంది, ఉత్తర పక్కన ఒడ్డు కోతకు గురవుతుంది. ఋషికుల్య మొగకు దగ్గరలోని పొడంపేట సముద్రపు కోతకు ఇళ్లు పోగొట్టుకుని వేరే చోటికి తరలవలసి వచ్చిన పల్లె. ఆ ప్రాంతపు మత్స్యకారుల్లో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. మొగ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను, “తాతా, మీ పాత ఊరు ఎక్కడుండేది?” అని అడిగాను. ఆయన వల వదలకుండానే గడ్డం ఎత్తి సముద్రం వైపు చూపించి, “అదిగో, అల ఇరుగుతున్న కాడ బాబూ. అమ్మోరిని ముందు తెచ్చీసినాం, సామాను తరవాత” అన్నాడు. మియుస్ జనం వెంట తీసుకుపోయిన దేవతామూర్తుల గురించి పౌసానియస్ రాసిన వాక్యం ఆ మాటతో నాకు పూర్తిగా అర్థమైంది.

మనిషి జోక్యం ప్రతిసారీ చెడే చేస్తుందని నేను అనను. మా జిల్లా ఉత్తరపు అంచును తాకే చిలకా సరస్సు మొగలు పూడి, నీటిలో ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేప పడిపోయినప్పుడు, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. ఉప్పదనం తిరిగి వచ్చింది, చేపల రాబడి పెరిగింది, చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్నవాటి జాబితా నుంచి 2002లో చిలకా పేరును తీసివేశారు. అట్టాలస్ మూతిని ఇరుకు చేశాడు, చిలకాలో మూతిని తెరిచారు. నీటి రాకపోకలను ముందుగా కొలిచి చేసిన పనికీ, ఓడల లోతును మాత్రమే చూసి చేసిన పనికీ ఉన్న తేడా ఇది.

గ్రీకు ప్రపంచానికీ ఈ తీరానికీ మధ్య ఉన్న సంబంధం నా ఊహలోంచి పుట్టింది కాదు. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టోలెమీ రాసిన భూగోళంలో పలౌరా అనే రేవు ఉంది. దాన్ని ఋషికుల్యకూ చిలకాకూ నడుమనున్న పాలూరుగా పండితులు గుర్తించారు. అదే ఋషికుల్య ఒడ్డున, పురుషోత్తంపూర్ దగ్గరి జౌగడలో, అశోకుని శాసనాలున్న బండ ఉంది. 1850లో సర్ వాల్టర్ ఎలియట్ దానికి నకలు తీయించాడు. అందులోని రెండవ శాసనం, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన దేశాల వరుసలో, అంతియోకుడనే యవన రాజును పేర్కొంటుంది. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆయనను సెల్యూకస్ వంశపు రెండవ ఆంటియోకస్‌గా గుర్తిస్తారు. తమను ఒక నిరంకుశుని నుంచి విడిపించినందుకు ఆయనకు దేవుడన్న బిరుదు ఇచ్చినవారు మిలేటస్ పౌరులు. క్రీస్తుపూర్వం 246లో ఆయన చనిపోయినది ఎఫెసస్‌లో. పూడిపోయిన ఆ రెండు రేవులతోనూ జీవితం ముడిపడిన రాజు పేరు, మొగ ఎప్పుడూ కదులుతూ ఉండే మా నది ఒడ్డున ఒక బండ మీద ఉండటం ఈ జిల్లావాసులందరూ తెలుసుకోవలసిన విషయమని నా నమ్మకం.

మియాండర్ లోయలో హెల్ముట్ బ్రూక్నర్ వంటి శాస్త్రజ్ఞులు గొట్టాలు దింపి లోపలి మట్టిని పొరపొరగా పైకి తీశారు. ఏ పొరలో సముద్రపు గుల్లలున్నాయో, ఏ పొరలో మంచినీటి జీవులున్నాయో చూసి, వాటి వయసు కట్టి, ఏ శతాబ్దంలో ఒడ్డు ఎక్కడుందో పటంగా గీశారు. పాలూరు కొండ పాదం దగ్గర, గంజాం పాత కోట పక్కన, ఋషికుల్య వదిలేసిన పాత పాయల్లో కూడా అటువంటి పని విస్తారంగా జరగాలని నా గట్టి కోరిక. టోలెమీ నాటి ఓడలు ఎంత లోతు నీటిలో నిలిచాయో, ఆ నీటిని ఏ వరదలు ఎప్పుడు పూడ్చాయో మట్టి పొరల్లో నమోదై ఉంటుంది. బరంపురం విశ్వవిద్యాలయం ఆ తీరానికి ఎంతో దూరంలో లేదు. భూగర్భశాస్త్రమో చరిత్రో చదువుతున్న మన పిల్లలు ఎవరైనా పరిశోధనకు విషయం వెతుక్కుంటూ ఉంటే, పాలూరు దగ్గరే మొదలుపెట్టమని చెబుతాను.